మా అమ్మ చెప్పిన హిందీ అవార్డులు

మా అమ్మకి హిందీ రాదు. ఈ ముక్క మలేషియాలో మేముండే బంటింగ్ ఊళ్లో మా ఇంట్లోవాళ్లకి తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. పక్కింటి మలయ్ ఆవిడకి అసలే తెలియకూడదు.

ఆవిడని నేను మాక్‌చిక్ అంటాను, మనం పిన్నీ అన్నట్టు. హిందీ సినిమా అంటే ఆవిడకి ప్రాణం. సినిమాలకైతే కింద మలయ్‌లో అక్షరాలు పడతాయి, ఎవరి సాయమూ అక్కర్లేదు. చిక్కల్లా ఏటా ఒకసారి వచ్చే అవార్డుల వేడుకతోనే. దానికి అక్షరాలూ ఉండవు, ఏమీ ఉండవు. నా చిన్నప్పుడు ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో కూర్చుని అది చూస్తూ, "ఆ హీరో ఏమంటున్నాడు కాక్?" అని మా అమ్మని అడిగింది. కాక్ అంటే అక్క. ఇండియన్లం కదా, మాకు హిందీ రాకుండా ఎలా ఉంటుందని ఆవిడ నమ్మకం. రాదు అని ఒక్క మాట అంటే పోయేది. ఆ మాట మా అమ్మ నోట చస్తే రాదు! "తల్లి కాళ్లు పిసికినందుకే ఈ బహుమతి వచ్చిందంటున్నాడు" అని మలయ్‌లో చెప్పి, నావైపు గుడ్లురిమి చూసింది.

అంతే, ముప్పై ఏళ్లుగా అదే వరస. హాస్యనటుడు మైకు పుచ్చుకుని, పప్పులో ఉప్పు ఎక్కువైనా నోరు మూసుకుని తినే మొగుళ్లని మెచ్చుకున్నాడు. అది పక్క గదిలో ఉన్న మా నాన్నకి. సంగీత దర్శకుడు తడి తువ్వాళ్లు మంచం మీద పడేసే పిల్లల్ని తిట్టాడు. అది నాకు. ఇక తళతళలాడే గౌను వేసుకుని ఎవరైనా హీరోయిన్ వేదికెక్కిందా, ఏటేటా ఒకటే కథ. ఆ పిల్ల చదువులో ఫస్టు. వాళ్ల నాన్న ఐదో క్లాసులో బడి మాన్పించి రబ్బరు తోటలో చెట్ల పాల బకెట్లు మోయించాడు. పుస్తకాల సంచీ తమ్ముడికి ఇచ్చేశాడు. మాక్‌చిక్ కళ్లు తుడుచుకునేది. నేను దిండులో మొహం దాచుకుని ఊపిరాడకుండా నవ్వేదాన్ని.

కిందటేడాది మా మేడ మీది గదిలోకి హైదరాబాద్ నుంచి ఒక ఇంజనీరు అమ్మాయి అద్దెకి దిగింది. హిందీ గడగడా మాట్లాడుతుంది. మలయ్ మాట్లాడటం రాకపోయినా, వింటే అర్థమవుతుంది. అవార్డులు చూడ్డానికి తనూ వస్తానంది. అమ్మకి చెమటలు పట్టాయి.

"ఏటి సేద్దామే? ఆ పిల్ల నిజం సెప్పీసిందంటే మాక్‌చిక్ మొగం ఎలా సూస్తాను? నాకున్నది ఆ ఒక్క నేస్తమే లా!" అంది అమ్మ, ఇక్కడి మలయ్ వాళ్లలా మాట చివర "లా" తగిలించి.

"ఇప్పుడేడిస్తే ఏటి లాభం? అప్పుడే రాదని సెప్పుండాల్సింది."

"నీ నీతులు తరవాత. ఆ పిల్ల నోరు కాళీగా ఉండనీకు. మురుకులు పెడతానే ఉండు."

అలా ఆ ఆదివారం నేను మురుకుల డబ్బా పట్టుకుని కాపలా కాశాను. నవ్వొస్తోంది, భయమూ వేస్తోంది. ఆ అమ్మాయి నోరు తెరవబోతే చాలు, చేతిలో ఇంకొకటి పెట్టాను. పదకొండు తింది మహాతల్లి. పన్నెండోదానికి చెయ్యి అడ్డం పెట్టేసింది. "ఇంక నాతోని కాదక్కా!"

సరిగ్గా అప్పుడే ఒక హీరోయిన్ వేదికెక్కింది. అమ్మ రబ్బరు తోట కథ మొదలుపెట్టింది. బకెట్ల దాకా వచ్చేసరికి ఆ అమ్మాయి ఉండబట్టలేక, "ఆంటీ, ఆమె గట్ల అనలే" అంది. అక్కడితో ఆగిందా? పాపం మాక్‌చిక్‌కి కూడా తెలియాలని ఇంగ్లీషులోకి దిగింది. డైరెక్టరుకీ, మేకప్ వాళ్లకీ థాంక్స్ చెప్పిందట, అంతేనట.

నాకు ఆ డబ్బాతోనే ఆ పిల్ల నెత్తిన ఒకటి వెయ్యాలనిపించింది. అమ్మ మొహంలో నెత్తుటి చుక్క లేదు.

మాక్‌చిక్ తాపీగా మురుకు నమిలి మింగింది. "నాకెప్పుడో తెలుసు" అంది మలయ్‌లో. "ఇంతమంది హీరోయిన్లు ఏటేటా ఒకే తోటలో ఒకే బకెట్టు మోస్తుంటే ఎవరికి తెలియదు?" తర్వాత అమ్మ మోకాలి మీద చెయ్యి వేసింది. "అది సరేగానీ కాక్, ఆ పిల్లని మళ్లీ బడికి పంపారా లేదా? ఎన్నేళ్లయినా ఆ ముక్క చెప్పవేం?"

అమ్మ టీవీ గొంతు తగ్గించింది. లేదన్నట్టు మాక్‌చిక్‌కి తల అడ్డంగా ఊపి, నావైపు తిరిగింది.

"పంపనేదు. ఆ సంచీ మీద నా పేరు నానే కుట్టుకున్నాను లా."

ముప్పై ఏళ్లు నేను దిండులో మొహం పెట్టి నవ్వింది ఆ సంచీ గురించే. సిగ్గుతో చచ్చిపోయాను. మిగిలిన ఆ పన్నెండో మురుకు నోట్లో కుక్కుకుని, నేల మీద చతికిలబడి అమ్మ కాళ్లు పిసకడం మొదలుపెట్టాను.

అమ్మ టీవీకేసి చూస్తూ, "ఆ హీరో ఇంకా గట్టిగా పిసికినాడే" అంది.