చింతిస్తున్నాం

వాషింగ్ మిషన్ల కంపెనీలో ఫిర్యాదుల ఫోను ఎత్తడం మా చెల్లెలి ఉద్యోగం. ఆ గదిలో ఉండేది ముగ్గురు ఆడపిల్లలు. ఒక్కొక్కరి ముందు ఒక తెర, ఆ తెర అంచున అతికించిన చిన్న అద్దం. మాట్లాడేటప్పుడు నవ్వుతున్నారో లేదో చూసుకోవడానికట. ఆ అద్దం పెట్టించిన మహానుభావుడెవరో కనబడితే నాలుగు మాటలు అడగాలని ఉంది నాకు.

నీళ్లు కారాయని ఒకరు, చొక్కా చిరిగిందని ఇంకొకరు, పొద్దస్తమానం మా చెల్లెల్నే తిడతారు. అది తిరిగి చెప్పాల్సిన మాట ఒకటే: ‘మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం.’ ఇళ్లల్లో ఎవరైనా అలా అంటారా? అయ్యో అంటాం, పాపం అంటాం. చిన్నప్పుడు దీని నోటికి జడిసి మా వీధిలో ఎవరూ పేచీకి వచ్చేవారు కారు.

మొన్న అమ్మ స్నానాల గదిలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆస్పత్రి నుంచి స్పీకరు పెట్టి చెల్లికి ఫోన్ చేసి, “చెయ్యి విరిగిందే తల్లీ” అంది.

“మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. ఇంకేమైనా సహాయం కావాలాండీ?” అంది అది.

అమ్మ అంత నొప్పిలోనూ పడీపడీ నవ్వింది. కట్టు కట్టే ఆయనా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అది వేళాకోళం చేసే గొంతు కాదు.

సాయంత్రం వచ్చి అమ్మ మంచం పక్కన కూర్చుంది. “ఆ మాట నాకు తెలీకుండానే వచ్చేసిందే అక్కా” అంది. కంచంలో అన్నం కెలికి లేచిపోయింది. నిద్ర పడుతోందా అంటే “ఆఁ.” డాక్టరుకి చూపించుకుందామా అంటే “ఆఁ.” ఆ తర్వాత నా ఫోను ఎత్తడమే మానేసింది. అద్దెగదిలో ఒంటరిగా ఉండే పిల్ల. వెళ్లి తలుపు కొడితే, తలనొప్పిగా ఉంది, పడుకుంటానంటూ తలుపు తీయకుండానే పంపించేసింది. ఏ అఘాయిత్యం చేసుకుంటుందోనని నాకు భయం పట్టుకుంది. అమ్మకి చెప్పలేను, నాలో నేను ఉంచుకోలేను.

నా ఫోను ఎత్తకపోతే పోయె, ఆ దిక్కుమాలిన కంపెనీ ఫోను ఎత్తకుండా ఎలా ఉంటుంది? బట్టలు కుట్టే మిషను ఆపేసి ఆ నంబరుకు చేశాను. ఎవరో పిల్ల ఎత్తితే పెట్టేశాను. మళ్లీ ఆ పిల్లే. ఇంకోసారి చేస్తే చెల్లి ఎత్తింది.

“నమస్కారమండీ, మీ సమస్య చెప్పండి.”

“మా ఇంట్లో ఒకటి ఉందండీ. ఇదివరకు ఇల్లు ఎగిరిపోయేలా మోత మోగించేది. ఇప్పుడు చప్పుడే లేదు.”

నా గొంతు గుర్తుపట్టింది. అక్కడ ప్రతి మాటా రికార్డవుతుంది, నాకూ తెలుసు.

“ఎప్పటినుంచండీ?”

“మీరే చెప్పాలి.”

“చాలా రోజులైందండీ. పైకి బాగానే కనిపిస్తుంది. లోపల ఏదీ తిరగడం లేదు. పొద్దున్నే లేవబుద్ధి కాదు.”

“బాగుచేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లమంటారా?”

“మీకు కలిగిన...” అని మొదలుపెట్టి ఆగిపోయింది. ఎదురుగా ఆ అద్దం ఉంటుంది కదా, ఏం కనబడిందో. వెక్కిళ్లు వినిపించాయి. పక్కన ఎవరో ఏమైందని అడుగుతున్నారు.

“అక్కా,” అంది, “వచ్చి నన్ను తీసుకుపోవే.”

సూది కింద గుడ్డ అలాగే వదిలేసి చెప్పులేసుకున్నాను.