హనుమక్క కట్టిన రెండో కట్ట

గోనెగండ్ల దగ్గర ఒక పల్లెలో యేసేపు అయ్యవారు ఇరవై ఏళ్లుగా చిన్నపిల్లలకు జొన్న దంట్లతోనే లెక్కలు చెప్పేవాడు. మూరెడు ముక్కలు కోసి, పదేసి పుల్లలను ఎమ్మిగనూరు మగ్గాల దగ్గర దొరికే నూలు పోగులతో కట్ట కట్టించేవాడు. కట్ట అంటే పది, విడి పుల్ల అంటే ఒకటి. సర్కారు పంపిన లెక్కల పుస్తకంలో ద్రాక్షగుత్తుల బొమ్మలున్నాయి. ఆ పల్లెలో ద్రాక్షను చూసిన మొహం ఎవరిది గనక!

తిక్కయ్య కూతురు హనుమక్కకు పద్దెనిమిదీ ఏడూ కలపడం నెల రోజులైనా రాలేదు. "ఒక కట్ట, పదైదు పుల్లలు" అని ఆగిపోయేది. పది నిండితే ఇంకో కట్ట కట్టాలని ఎంత చెప్పినా అంతే.

1952లో వానలు పడలేదు. జొన్న పండలేదు. పాత దంట్లు విరిగిపోగా, బడిలో మిగిలినవి హనుమక్క ముందున్నవే.

ఒక పొద్దున తిక్కయ్య బక్కచిక్కిన ఎద్దును పట్టుకుని బడి వాకిట్లో నిలబడ్డాడు.

"అయ్యవారూ, ఆ దంట్లు ఇప్పిస్తారా? ఇది మేత ముట్టి రెండు దినాలాయ."

యేసేపు కాదనలేకపోయాడు. హనుమక్క వాటిని తండ్రికి ఇవ్వబోతూ, విడి పుల్లల్లోంచి పదింటిని ఏరి, ఎవరూ చెప్పకుండానే నూలుతో బిగించి కట్టింది.

"రెండు కట్టలు, ఐదు పుల్లలు. ఇరవై ఐదు, అయ్యవారూ!"

ఆయన ఆ కట్టలనూ పుల్లలనూ తిక్కయ్య చేతిలో పెట్టాడు.

"ఇవి మా ఎద్దుకు ఎన్ని దినాలొస్తాయి?" అని అడిగింది.

ఒక్క పూటకైనా రావని ఆయనకు తెలుసు.

"రేపు సెప్తాలేమ్మా" అన్నాడు.