లియాండర్ పెట్టెకు ఆరో మనిషి

బెర్నీస్ పార్డీకి యాభై నాలుగేళ్లు. కుక్క తరిమినప్పుడు తప్ప పరుగెత్తి ఎరగదు. చేపల ఫ్యాక్టరీలో రోజంతా నిలబడి కాడ్ చేపలు కోసి, ఇంటికొచ్చి కుర్చీలో కూలబడి టీ తాగడమే ఆమెకు తెలిసిన సుఖం. అలాంటి మనిషి, మూతబడ్డ బడిలో వాండా నడిపే జిమ్‌కు పోతోందంటే కారణం ఒక్కటే. ఆమె అన్న లియాండర్ ఇక ఎన్నాళ్లో బతకడు.

న్యూఫౌండ్లాండ్‌లోని ఆ రేవు ఊళ్లో శ్మశానం కొండ మీద ఉంది. బండి చర్చి దాకానే వస్తుంది; అక్కడినుంచి ఆరుగురు శవపెట్టెను చేతులతో మోసుకుపోవాలి. వయసువాళ్లంతా పనికోసం అల్బర్టా పోయారు. మిగిలినవాళ్లలో ఒకరికి గుండెజబ్బు, ఒకరికి మోకాళ్ల నొప్పులు. కిందటి చలికాలం ఒక ముసలాయన శవపెట్టె మోసేవాళ్ల చేయిజారి, మంచుమీద జర్రున దిగివచ్చి గేటుకు కొట్టుకుంది. అది కళ్లారా చూసిన లియాండర్‌కు అప్పటినుంచి అదే బెంగ.

డాక్టరు లాభం లేదన్న రోజున చెల్లెల్ని పిలిచి అడిగాడు.

“ఐదుగురు దొరికారు. ఆరో పిడి నువ్వు పట్టుకోవే.”

“నా వల్ల కాదన్నా. పిండి బస్తానే ఎత్తలేను. నువ్వేమో తలుపులో పక్కకు తిరిగి దూరే మనిషివి.”

“అయితే నేర్చుకో. నన్నుగాని జార్చావో, దయ్యమై వచ్చి నీ టీలో పాలు విరగ్గొడతా.”

నెల తిరిగేసరికి హుషారు అదే వస్తుందని వాండా చెప్పింది. నెలలు గడిచినా రాలేదు. ఇనుప కడ్డీ వంగి ఎత్తడం, దించడం, మళ్లీ ఎత్తడం. ఎత్తినదాన్ని ఎక్కడికీ తీసుకుపోనక్కర్లేని ఈ చాకిరీ ఏమిటో బెర్నీస్‌కు అంతుబట్టలేదు.

“ఇవాళ ఎలా ఉందక్కా?” అంది వాండా.

“నిన్నటిలాగే. ఒళ్లు హూనం.”

“మరి మానేస్తావా?”

“మానేస్తే మా అన్న పైకెలా వెళ్తాడమ్మా?”

ఆదివారాలు అన్న మంచం పక్కన కూర్చునేది. అతను ఆమె జబ్బ నొక్కి చూసి, “ఇంకా మెత్తగానే ఉంది. తొందరపడకు, ఆగుతాలే,” అనేవాడు. ఆమె తెచ్చిన చేపల పులుసు రెండు చెంచాలతో సరి. అతను చిక్కిపోవడం ఆమె చూస్తూనే ఉంది. అయినా కడ్డీ ముందు నిలబడితే ఆమె మనసులో మెదిలేది తలుపు పట్టని ఆ పాత అన్నే. ఇంకొంచెం బరువు వెయ్యమనేది.

మంచు కరిగే రోజుల్లో లియాండర్ పోయాడు. చర్చి బయట ఆరుగురూ వంగారు. బెర్నీస్, వాండా నేర్పినట్టే కాళ్లు ఎడంగా పెట్టి, ఊపిరి బిగబట్టి, ఒక్క ఉదుటున లేచింది. ఆమె వైపు పెట్టె ఎగిరినంత పనయింది.

“మెల్లగా, బెర్నీస్,” అన్నాడు వెనకాయన. “అంత బలం అక్కర్లేదు.”

కొండ ఎక్కుతున్నంతసేపూ ఆమె బరువుకోసం ఎదురుచూసింది. భుజం లాగలేదు, వేళ్లు నొప్పెట్టలేదు. ఉన్న బరువల్లా పెట్టెదే. లోపల మనిషి ఉన్నట్టే లేదు. పైన దించాక మిగతావాళ్లు వగరుస్తూ గేటుకు ఆనుకున్నారు. బెర్నీస్‌కు ఆయాసమే లేదు. ఆ ఖాళీ చేతులతోనే మొహం కప్పుకుని, అన్న పోయాక మొదటిసారి ఏడ్చింది.