విప్పి చూస్తే గదా!

ఆత్మకూరులో మిక్సీలు బాగుచేసే అక్క దేనికైనా, పెళ్లిసంబంధానికైనా, ఒకటే మాట అనేది: "విప్పి చూస్తే గదా తెలిసేది!"

గేములన్నీ ప్లేస్టేషన్‌కే వస్తాయని నేను, రాబోయే కాలం ఎక్స్‌బాక్స్‌దేనని నా స్నేహితుడు ఆత్మకూరు వచ్చినప్పుడల్లా ఆమె అంగడి ముందు కొట్లాడుకునేవాళ్లం. ఒకరోజు తీర్పు చెప్పమని మా ఊరు ఉదయగిరి నుంచి ఆ రెండు గేమ్ పెట్టెలూ బస్సులో మోసుకొచ్చి, ఆమె బల్లమీద పెట్టి టీకి వెళ్లాం. తిరిగొచ్చేసరికి రెండూ ముక్కలు ముక్కలుగా పేపరు మీద పరిచి ఉన్నాయి. ఇద్దరం ఒక్కసారే అరిచాం.

"ఏందక్కా ఇది!"

"అరవబాకండిరా. లోపల రెండిట్లోనూ ఫ్యానే తిరిగేది. దుమ్ము తుడుచుకునేవోడిదే గెలుస్తాది."

మళ్లీ బిగించింది. రెండూ పనిచేశాయి. బల్లమీద మాత్రం ఒక స్క్రూ మిగిలింది.

"ఇది ఎవరిదక్కా?"

ఆమె స్క్రూడ్రైవరు అందుకుంది. "విప్పి చూస్తే గదా..."

చెరొకటి చంకనపెట్టుకుని బస్టాండు దాకా వెనక్కి చూడకుండా పరుగెత్తాం.