మా ఇంట్లో అందరికీ సుగరొచ్చిన సాయంత్రం

మొన్న ఆదివారం నేను చేసిన ఘనకార్యం చెప్తా, వినండప్పా. ఒక్క సాయంత్రంలో మా ఇంట్లో ముగ్గురు ఆడోళ్ళకూ సుగరు తెప్పించినా! ముగ్గురికీ! ఇప్పుడే నవ్వద్దు. కడదాకా విని నవ్వండి. ఎట్లాగూ నవ్వుతారు.

ఎండలు మొదలైనప్పుడు నాకు సుగరు బయటపడింది గదా. డాక్టరమ్మ రిపోర్టు చూసి, "మునిరత్నం గారూ, అన్నం బాగా తగ్గించాలి" అనింది.

"సరే మేడమ్, రాగిసంగటి తింటా."

"సంగటీ తగ్గించాలి."

"ఇడ్లీ?"

"అదీ అంతే."

"దోసె..."

ఆమె పెన్ను కింద పెట్టి నా పక్క చూసింది. లో కార్బ్ డైట్ అంట దాని పేరు. గుడ్లు, ఆకుకూరలు, చికెన్, పనీరు. పొద్దున పరగడుపున ఒకసారి, సాయంత్రం తినేముందు ఒకసారి ఇంట్లోనే మిషన్‌తో చూసుకోమనింది.

మా ఇంటామె నిర్మల పాపం, డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు చేసింది. గోబీపువ్వు తురిమి, ఆవిరికి పెట్టి, అన్నం మాదిరి తట్టలో వేసేది. సూసేదానికి అన్నమే. నోట్లో పెట్టుకుంటే తెలుస్తాది మన బతుకేందో! అయినా కండ్లు మూసుకోని తిన్నా. సుగరు కూడా దిగింది. రోజురోజుకీ దిగతా వచ్చింది. అంగట్లో అందరికీ మిషన్ ఫోటోలు చూపించుకుంటా తిరిగినా.

అప్పుడు వచ్చింది మా అత్త, నిర్మల వాళ్ళమ్మ, నగరి నుంచి. వట్టి చేతుల్తో రాలా. బుట్టెడు కాలేపాడు మామిడిపండ్లు తెచ్చింది. ఇల్లంతా ఒకటే వాసన. ఆమె నా తట్టలోకి తొంగి చూసింది.

"ఏం నాయనా, ఇదేం కూడు? అన్నం తినకుండా మనిసి యెట్ల బతుకుతాడు? సూడు, మొగం యెట్ల పీక్కోనిపోయిందో!"

"డాక్టరు చెప్పింది అత్తా."

"ఆ యమ్మ ఇంట్లో అన్నం వండరా ఏంది?"

అయితే ఆ పొద్దు సాయంత్రం మిషన్‌లో చూసుకుంటే రెండు వందల ఎనభై! మర్నాడు పొద్దున చూస్తే మామూలే. సాయంత్రానికి మళ్ళీ మూడు వందల పైన! ఆ మర్నాడూ అంతే. పొద్దున బుద్ధిమంతుడు, సాయంత్రం రౌడీ!

నా సంగతి మీకు తెలుసు గదా. స్పేర్ పార్టుల అంగట్లో కౌంటర్ మీద కూర్చోనే మనిషిని. డూప్లికేట్ బేరింగు తెచ్చి ఒరిజినల్ అని చెప్తే, వేలితో ఒక తిప్పు తిప్పి పట్టేస్తా. ఎవురేం చెప్పినా నమ్మకపోవడమే నా ఉద్యోగం! కాబట్టి ఆలోచన చేసినా. అత్త రాకముందు సుగరు లేదు. అత్త వచ్చినాక ఉండాది. ఇంక దీంట్లో తేల్చుకోవాల్సింది ఏముంది?

ఆ పొద్దు నుంచి ఇంట్లో నా కండ్లు కండ్లు కావు, సీసీ కెమెరాలు. తట్టలో గోబీ వేస్తే టార్చిలైటు వేసి చూసేది, దాంట్లో అసలు అన్నం మెతుకులు కలిపినారేమోనని. ఆమ్లెట్ వాసన చూసేది, అత్త శెనగపిండి కలిపిందేమోనని. మా కూతురు దివ్య డిగ్రీ చదువుతా ఉండాది. అది నన్ను చూసి, "నాయనా, నువ్వు తింటా ఉండావా, ఇన్వెస్టిగేషన్ చేస్తా ఉండావా?" అని ఎగతాళి.

శనివారం పట్టేసినా అనుకున్నా! నేను వంటింటి పక్క నుంచి పోతా ఉంటే, మా అత్త అటూ ఇటూ చూసి, నా ఒక్కడి కూరగిన్నెలో ఏందో తెల్లపొడి చల్లతా ఉండాది. ఒక్క దూకు దూకినా.

"ఏందత్తా అది?"

ఆమె చేతిలోది కింద పడేసింది. "కొబ్బిరిపొడి నాయనా! సప్పగా ఉండాదని..."

"కొబ్బరా, సక్కెరా?"

నాలిక మీద వేసుకోని చూసినా. కొబ్బరే. అయినా నమ్మలా. నాకు ఒరిజినల్ చూపించి, డూప్లికేట్ యాడో దాచిందని నా అనుమానం. మా నిర్మల నన్ను ఒక చూపు చూసింది సూడండీ, పెండ్లయినప్పటి నుంచి అట్లాంటి చూపు చూడలా.

ఇంక ఆదివారం. సాయంత్రం అందరం హాల్లో కూర్చున్నాము. రోజూ మాదిరే నేను కత్తిపీట ముందు పెట్టుకోని మామిడిపండ్లు కోస్తా ఉండా. ఔనప్పా, కోసేది నేనే. తినకూడదని చెప్పినారు గానీ, వాసన చూడొద్దని డాక్టరమ్మ చెప్పలేదు గదా! అందుకని ఆ పని ఎవురికీ ఇవ్వకుండా నేనే పెట్టుకున్నా. అత్త టెంక చీకతా ఉంటే, దివ్య చెంపముక్కలు తింటా ఉంటే, నేను ముక్కుతోనే తినేది. ఒక్క ముక్క నోట్లో పెట్టలా. ఒట్టు!

కోసేసి, చేతులు తువ్వాలకు తుడుచుకోని, మిషన్ తీసి వేలు పొడుచుకున్నా. మూడు వందల నలభై.

ఇంక నాకు తిక్క రేగింది. "ఈ ఇంట్లో ఎవురో నాకు సక్కెర పెడతా ఉండారు! ఎవురో ఇప్పుడే చెప్పండి!"

ఎవురో అన్నా గానీ, నా చూపు అత్త మీదనే ఉండాది. ఆమెకు అర్థమయింది. నోట్లో టెంక తీసి తట్టలో పెట్టింది. "నేను పెడతానా నాయనా నీకు? నా బిడ్డ మొగుడివి గదా నువ్వు!" అనింది.

నిర్మల లేచింది. "సక్కెర డబ్బా తీసుకొస్తా, నీ తలకాయ కింద పెట్టుకోని పండుకో! నీ మిషనే చెడిపోయిందేమో, అది చూసినావా?"

"మిషన్ మంచిదే. కావాలంటే సుగరు లేనోళ్ళకు పెట్టి చూపిస్తా. అత్తా, నీకు సుగరు లేదు గదా? చెయ్యి ఇట్ల ఇయ్యి."

పాపం, తన మీద నింద పోతాదని చెయ్యి చాపింది. వేలు పట్టుకోని బాగా పిసికి, పొడిచి, రక్తం చుక్క పట్టినా. మిషన్ ఆలోచించి, ఆలోచించి, రెండు ఇంగ్లీషు అక్షరాలు చూపించింది. హెచ్, ఐ.

"ఇదేందమ్మా దివ్యా, మీ అవ్వను చూసి హాయ్ అంటా ఉండాది?"

దివ్య చూసి తెల్లబోయింది. "నాయనా, అది హాయ్ కాదు, హై! మిషన్ కొలవలేనంత ఎక్కువంట!"

నేను బిత్తరపోయి నిర్మలకు చూసినా. మూడు వందల పది. దివ్యకు చూసినా. రెండు వందల అరవై. పందొమ్మిదేండ్ల పిల్లకు! మా అత్త గోడకు ఆనుకోని కూర్చుంది. "మా అక్కకు ఇట్లనే... కాలు తీసేసినారు" అనింది, మెల్లగా. ఆ మాటతో నా అనుమానం, పౌరుషం, అన్నీ ఎగిరిపాయ. ఈమెనా నేను దొంగను చేసింది అనిపించింది.

పరిగెత్తి ఆటో పిలిచినా. నలుగురం ఎక్కినాము. తిరుపతిలో ఆదివారం సాయంత్రం ఆటో కదలాలంటే సులభమా? ముందర యాత్రికుల బస్సు, వెనక ఇంకో బస్సు. ఆ ఇరుకులో మా అత్త, "దివ్యా, నా బీరువాలో ఉండే నీలం పట్టుచీర నీకేనమ్మా" అని మొదలుపెట్టింది. నిర్మల ఏడుపు. దివ్య ఏడుపు. ఆటో అబ్బాయి అద్దంలో చూసి, "సార్, ఏమైనా పెద్ద కేసా?" అన్నాడు. "నువ్వు పోనీ నాయనా, పోనీ!" అని అరిచినా. పోయేదానికి దారి యాడ?

డాక్టరమ్మ ఆదివారం కూడా సాయంత్రం క్లినిక్‌లో ఉంటాది, అదొక్కటే అదృష్టం. క్యూలో ఉండేవాళ్ళందరినీ నెట్టుకోని లోపలికి పోయినా. "మేడమ్, మా ఇంట్లో అందరికీ సుగరు! నీళ్ళల్లో ఏదో ఉండాది! వీధిలో వాళ్ళందరికీ చూడాల!"

ఆమె కంగారుపడలా. ముందు అత్త చేతికి రబ్బరు కట్టి, సూదితో రక్తం తీయించి, పక్కనే ల్యాబ్‌లో చూపించింది. నూట పది! నిర్మలది తీయించింది, మామూలే. దివ్యది మామూలే. మా అత్త దేవుళ్ళందరికీ పేరుపేరునా దండం పెట్టింది.

"మిషనే చెడిపోయింది మేడమ్!" అన్నా నేను. కంపెనీని తిట్టేదానికి నోరు తెరిచినా.

డాక్టరమ్మ, "మునిరత్నం గారూ, చెయ్యి ఇట్లా ఇవ్వండి" అనింది. నాడి చూస్తాదేమోనని ఇచ్చినా. ఆమె నా వేళ్ళను ముక్కు దగ్గర పెట్టుకునింది.

"ఏం పండు ఇది?"

"కాలేపాడు మేడమ్!" అన్నా, గొప్పగా. "నగరి తోటది. సూపర్ తీపి!"

అన్నాక గానీ వెలగలా. ఆమె నన్ను చూస్తా ఉండాది. నిర్మల నన్ను చూస్తా ఉండాది. క్యూలో వాళ్ళు తలుపు సందులోంచి నన్నే చూస్తా ఉండారు.

"మీ వేళ్ళ మీద, మీరు పట్టుకుని పిసికిన వాళ్ళ వేళ్ళ మీద పండు రసం ఉంటే మిషన్ ఆ తీపిని కూడా కలిపి చూపిస్తుందండీ. తువ్వాలుతో తుడుచుకుంటే పోదు. సబ్బుతో కడుక్కోండి, ఆరనిచ్చి, మళ్ళీ చూద్దాం."

కడుక్కోని వచ్చినా. నూట ముప్పై! "మీ డైట్ బాగా పనిచేస్తోంది, ఇట్లాగే చేయండి" అనింది. ఇన్ని రోజులు గోబీ నమిలినందుకు వచ్చిన ఫస్టు క్లాసు అది! సంతోషంగా వెనక్కి తిరిగి చూస్తే, మా ఇంట్లో వాళ్ళు ఒక్కరూ నా పక్క చూడలా.

బయటికి వచ్చి, "అత్తా, తప్పయిపోయింది" అన్నా. తల ఎత్తలేకపోయినా.

"ఉండనీలే నాయనా. ఆకలేస్తా ఉండాది, యాడన్నా తిందాం పా" అనింది ఆమె.

ఎదురుగా ఉండే టిఫిన్ హోటల్లోకి పోయినాము. ముగ్గురికీ దోసెలు, నాకు మజ్జిగ చెప్పినా. సర్వర్ నీళ్ళు తెచ్చి పెట్టినాడు. మా అత్త ఆ అబ్బాయి చెయ్యి పట్టుకోని ఆపింది.

"అప్పా, మా అల్లుడికి చేతులు కడిగే చోటు సూపించు. సబ్బు ఉండాదా ఆడ?"

నేను తాగేది మజ్జిగ అప్పా, అదీ గ్లాసులో. అయినా లేచి పోయి కడుక్కోని వచ్చినా. రెండు చేతులూ. మోచేతుల దాకా.