ఎడమచెవికి అప్పగించిన గంట

యుద్ధంలో రాజ్యం పోగొట్టుకున్నవారున్నారు, జూదంలో పోగొట్టుకున్నవారున్నారు. నిండుసభలో శాలువా కప్పుకొని కూర్చుని, సొంత తలకాయను రెండు వాటాలుగా పంచి పరువు పోగొట్టుకున్న ఘనుణ్ణి మాత్రం, నాకు తెలిసినంతవరకు, నేనొక్కణ్ణే. ఆ వైభవం ఎట్టిదో చిత్తగించండి.

అరవై తొమ్మిది ప్రాంతపు మాట. నారాయణగూడ సందులో ఒక గదిలో నేనూ, పాలమూరు నుంచి వచ్చిన వైద్యవిద్యార్థి యాదగిరీ కలిసి ఉండేవాళ్ళం. నేను అప్పుడే చదువు ముగించిన పండితుణ్ణి; అనగా, లోకంలో నాకు తెలియనిది లేదని గట్టిగా తెలిసినవాణ్ణి. చిక్కడపల్లిలో నా తొలి అష్టావధానం ఏర్పాటయింది. ఎనిమిదిమంది పృచ్ఛకులు ఎనిమిది విధాల పీడిస్తారు. పద్యాలడిగేవారికి పద్యాలు చెప్పాలి, అడ్డుమాటలకు బదులివ్వాలి, నడుమ నడుమ మోగే గంట ఎన్నిసార్లు మోగిందో మనసులో లెక్కించి చివర చెప్పాలి. అన్నిటా నెగ్గితేనే పేరుముందు ‘అష్టావధాని’ అని వ్రాసుకోవలెనని గురువుగారి ఆజ్ఞ. నేను ఆ బిరుదుతో పేరుపలక ముందే వ్రాయించి, గదితలుపుకు తగిలించి, రోజూ ఉత్తరీయంతో తుడుస్తున్నాను!

పద్యాలకు నాకు భయం లేదు. గంటే గండం. సాధనలో పద్యాన్ని పట్టుకుంటే గంట జారేది. గంటను పట్టుకుంటే పద్యం అలిగి పుట్టింటికి పోయేది.

నా అవస్థ చూసి యాదగిరి ఒకనాడు తన పుస్తకంలోని మెదడుబొమ్మ చూపించాడు.

“ఇగో శాస్త్రీ, మెదడు అక్రోటుపప్పు లెక్క రెండు చెక్కలుంటది. మాటలు, భాష, గదంత శానమందికి ఎడమచెక్క చేస్తది. రాగాలు పసిగట్టుడు, మొకాలు గుర్తువట్టుడు కుడిచెక్కది. మల్ల దారి అడ్డంగుంటది: కుడిచెవి ఇన్నది ఎడమచెక్కకు ఎక్కువ వోతది, ఎడమచెవి ఇన్నది కుడిచెక్కకు.”

నా కళ్ళు తెరుచుకున్నాయి. ఇన్నాళ్ళూ ఒకే ఎద్దుచేత బండీ లాగించి గానుగా తిప్పించానన్నమాట! “అయితే పద్యాలు కుడిచెవికి, గంట ఎడమచెవికి!”

“జర ఆగు, ఇంక చెప్పేదున్నది...”

“చాలునయ్యా, శాస్త్రం బోధపడింది!” అంటూ పంచె సవరించుకొని లేచాను. నాకు ఒక శాస్త్రం బోధపడడానికి సగం చాలు.

సభనాడు పద్యాలడిగేవారినందరినీ కుడివైపున కూర్చోబెట్టించాను. గంట యాదగిరి చేతికిచ్చి ఎడమవైపున నిలిపాను. ముందువరుసలో గురువుగారు. ఆరంభం దివ్యంగా ఉంది. అంతలో అప్రస్తుత ప్రసంగానికి, అనగా మాటలతో అవధానిని దారి తప్పించడానికి, నియమితులైన రంగారావుగారు విజృంభించారు. వారిది అశోక్‌నగర్ కాపురం, గుంటూరు నోరు.

“అవధానిగారూ, తమరు కోడిపుంజు కూతకు చెవొగ్గినట్టు మెడ అలా వంచారేమిటండీ?”

“ఏకాగ్రత కోసమండీ.”

“అలాగా!” అని ఆయన కుర్చీ ఎత్తుకొని నేరుగా నా ఎడమవైపునకు నడిచారు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

“అయ్యా, తమరు అటు వెళ్ళరాదు!”

“ఏమండీ? అశోక్‌నగర్ వాళ్ళకి అటు ప్రవేశం లేదా?”

“ఆ చెవి ఖాళీగా లేదండీ.”

“ఓహో! అద్దెకిచ్చేశారా? ముందే చెప్తే మా బావమరిదికి అడిగేవాణ్ణి కదండీ!”

సభ గొల్లుమంది. గురువుగారు పైకప్పు దూలాలను పరిశీలించసాగారు.

అయినా పద్యాలు మాత్రం కుళాయి విప్పినట్టు వచ్చాయి. అటుపక్క గంట మోగుతూనే ఉంది. నేను కన్నెత్తి చూడలేదు. ఆ కొలువుకు వేరే ఉద్యోగి ఉన్నాడు గదా! చివరకు యాదగిరి ముందుకొచ్చి గొంతు సవరించుకున్నాడు.

“అవధానిగారూ, గంట ఎన్నిసార్లు మోగింది?”

ధీమాగా కళ్ళు మూసుకొని కుడిచెక్క తలుపు తట్టాను. లోపల ఒక రసికుడు గోడకు చేరగిలబడి తల ఊపుతున్నాడు. “ఎన్ని?” అన్నాను. “ఆహా, ఏమి నాదం!” అన్నాడు. “సంఖ్య చెప్పవయ్యా!” అన్నాను. “కంచు మేలురకం. చివర కొసరు ఎంత కమ్మగా ఉందనీ!” అన్నాడు.

సభ ఎదురుచూస్తోంది. నా నోట వచ్చిన మాట ఇది: “సంఖ్య స్ఫురించడం లేదు గాని, నాదం వినిపించగలను.” వినిపించాను కూడా. “ఠంఙ్ఙ్ఙ్...”

“అసలు గంట కన్నా బాగుందండీ! వన్స్‌మోర్!” అని రంగారావుగారు లేచి చప్పట్లు కొట్టారు. సభ పట్టుబట్టింది. మళ్ళీ మోగాను.

వేదిక దిగుతుంటే యాదగిరి చెవిలో అన్నాడు: “లెక్కవెట్టుడు గూడ ఎక్కువ ఎడమచెక్క పనే శాస్త్రీ. గది చెప్పెటందుకే ఆగుమన్న. నువ్వు ఆగినవా?”

గురువుగారి పాదాలమీద పడ్డాను. లేవనెత్తారు. మీసాలచాటున ఏదో కదులుతోంది.

“పద్యాలు బాగున్నాయి నాయనా. ఎనిమిదిలో ఏడు నెగ్గావు.”

“మరి బిరుదు, గురువుగారూ...”

“వస్తూ వస్తూ నీ గదితలుపు చూసే వచ్చాను. మంచి పలక, పారవేయకు. ‘అష్ట’ చెరిపించి ‘సప్త’ వ్రాయించు.”

వ్రాయించాను. అందుచేత సకలజనుల సమక్షంలో ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఈ తలలోని చెక్కలు రెండింటినీ ఇక నా ప్రాణమున్నంతవరకు వేరుకాపురం పెట్టించను. ఎవరు ఏ వైపునుంచి పలికినా రెండు చెవులా వింటాను. మరీ ముఖ్యంగా, ఎవరైనా “జర ఆగు” అంటే, పంచె జారినా సరే, ఆగుతాను.