ఊరికే వచ్చిన మనిషి

ఈ ఉదయం నా ఇంటి తలుపు వెనక నేనే దొంగలా ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. బెల్లు కొట్టింది శేషగిరి. ఉద్యోగం చేసినన్నాళ్లూ నా పక్క కుర్చీలో కూర్చున్నవాడు. వాళ్లావిడ పోయాక ఫోనైనా చేయకుండా ప్రతి ఆదివారం వస్తున్నాడు. ఏదో సాయం అడగడానికే తిరుగుతున్నాడని నా అనుమానం. ఇంట్లో లేనట్టు నటిస్తుండగా వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది. బెల్లు మళ్లీ మోగలేదు. తరవాత మెట్లు దిగుతున్న చెప్పుల చప్పుడు. ఉడికిన కందిపప్పు వాసన ఇల్లంతా కమ్ముకుంటుంటే, సిగ్గుతో పాటే ఖాదర్ మాస్టారు గుర్తొచ్చారు.

ఉద్యోగం వెతుక్కుంటూ పామర్రు నుంచి బెజవాడ వచ్చిన రోజుల్లో, గవర్నర్‌పేటలో మందుల షాపు పైగదిలో ఆయన దగ్గర స్పోకెన్ ఇంగ్లిష్ నేర్చుకున్నాను. ఒకరోజు ఆయన బోర్డు మీద ‘హ్యాంగ్ అవుట్’ అని రాశారు. కలిసి కాలక్షేపం చేయడమని అర్థమనీ, స్నేహితుల మధ్య చెల్లే మాటనీ, ఇంటర్వ్యూలో వాడొద్దనీ చెప్పి, ఎవరితో, ఎక్కడ అన్నది చేర్చి తలా ఒక వాక్యం చెప్పమన్నారు. నేను లేచి, ఆదివారం మా లెక్చరర్‌గారితో ఆయనింట్లో హ్యాంగ్ అవుట్ చేసి నోట్సు తెచ్చుకున్నానని ఇంగ్లిష్‌లో చెప్పాను.

“వాక్యం భేషుగ్గా ఉందబ్బాయ్. కానీ నోట్సు కోసం వెళ్లావుగా? అది పని. హ్యాంగ్ అవుట్ ఎలా అవుద్ది?”

“పనేం లేకుండా ఒకళ్లింటికి ఎందుకెళ్తామండీ?” అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. “దానికి జవాబు బోర్డు మీద రాసేది కాదులే,” అన్నారు.

కొన్నాళ్లకు మొదటి ఇంటర్వ్యూ పోయింది. క్లాసు మానేసి, గుణదలలో కాలవ పక్క గదిలో తలుపేసుకుని పడుకున్నాను. ఒక మధ్యాహ్నం మాస్టారు కాల్చిన మొక్కజొన్న పొత్తులతో వచ్చి చాప మీద చతికిలబడ్డారు.

“ఏమన్నా పనుండి వచ్చారా సార్?”

“పనేం లేదు. ఊరికే వచ్చా. ఉప్పుందా? బండివాడు రాయడం మర్చిపోయాడు.”

పొద్దు వాలేదాకా కూర్చున్నారు. ఇంటర్వ్యూ మాటే ఎత్తలేదు. చిన్నప్పుడు బందరులో మేకపిల్లను బడికి తీసుకెళ్లి తన్నులు తిన్న సంగతి చెప్పి నన్ను నవ్వించారు. చెప్పులేసుకుంటూ, “నిన్న గుణదలలో నా స్నేహితుడితో హ్యాంగ్ అవుట్ చేశానని రేపు క్లాసులో చెప్తా. తప్పుంటే నువ్వే దిద్దాలి,” అన్నారు. అంతటి మనిషి నన్ను స్నేహితుడన్నారు. మర్నాడు క్లాసుకు వెళ్లకుండా ఉండలేకపోయాను.

ఆయన లేరిప్పుడు. ఆయన నేర్పిన ఇంగ్లిష్ నాకు అన్నం పెట్టింది. చాప మీద నేర్పినదాన్ని మాత్రం, ఊరికే వచ్చిన మనిషిని అనుమానించేంతగా మరిచిపోయాను.

సాయంత్రం ఫోన్ చేయకుండా పటమటలో శేషగిరి ఇంటికి వెళ్లాను. వాడు తలుపు తీశాడు గానీ, గుమ్మానికి అడ్డంగానే నిలబడ్డాడు.

“ఏం పని మీద వచ్చావ్?”

“పనేం లేదు. ఊరికే వచ్చా. పొద్దున ఇంట్లోనే ఉన్నా గురూ. కావాలనే తలుపు తీయలేదు. తప్పయిపోయింది.”

“తెలుసు. నీకన్నా మీ కుక్కర్ నయం. నిజం చెప్పింది.”

వాడు నా చేతిలోని పొత్తులకేసి చూశాడు. ఉప్పు రాయొద్దని బండివాడికి చెప్పి మరీ తెచ్చినవి.

“ఇదేంటి, చప్పగా తెచ్చావ్?” అని విసుక్కుని, ఉప్పు కోసం లోపలికి నడిచాడు. తలుపు తెరిచే ఉంది.